రేవుపాలెంలో ఒకే ఒక్క ఫోను

విజయవాడ హోల్‌సేల్ చీరల షాపుల్లో కూర్చుని బేరమాడే వ్యాపారులకి, కౌంటరు వెనకాల చీరలు మడతపెట్టే ఆడవాళ్ళు ఏ ఊరి నుంచి ఎట్లా వస్తారో తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచదు. సుబ్బరత్నం రేవుపాలెం నుంచి వచ్చేది. షాపులో పొద్దస్తమానం నిలబడటం ఆమె పనిలో సగమే. రావడం, పోవడం మిగతా సగం. ఆ సగానికి జీతం లేదు.

రేవుపాలెం బందరు కాలువ గట్టున ఉంది. విజయవాడకి ముప్పై నాలుగు కిలోమీటర్లు, హైవేకి నాలుగు. మూడు వీధుల నిండా చేనేత వాళ్ళు, గట్టు దిగువన క్రైస్తవుల పేట, ఆ పక్కన పొలాలున్న రైతుల ఇళ్ళు. రైతులకి మోటారు సైకిళ్ళున్నాయి, కొందరికి కార్లున్నాయి. బస్సు అవసరం మిగతా వాళ్ళది.

సుబ్బరత్నం భర్త సత్యం ముప్పై ఏళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. గుంటలో చెమ్మ మోకాళ్ళకెక్కింది. ఇప్పుడు పూట నేస్తే పూట పడుకోవాలి. పవర్‌లూం చీర వచ్చి చేనేత చీరని కొట్టేసిందని ఊళ్ళో ఏడవని ఇల్లు లేదు. సుబ్బరత్నం ఏడుస్తూ కూర్చోలేదు. నలభై ఆరో ఏట వెళ్ళి ఆ పవర్‌లూం చీరల్నే మడతపెట్టే పనికి కుదిరింది. మడత చూసి చీర పొడుగు చెప్పగల చెయ్యి కాబట్టి షాపు వాళ్ళు వదల్లేదు.

షాపు ఏడున్నరకి తెరుస్తారు. దూరపు ఊళ్ళ వ్యాపారులు పొద్దున రైళ్ళకి దిగి నేరుగా అక్కడికే వస్తారు గనక ఆలస్యం కుదరదు. పావుగంట దాటితే అరపూట కోత, నెలలో నాలుగుసార్లు దాటితే మాట్లాడటాలుండవు. ఆ వేళకి చేర్చే బస్సు ఒక్కటే. ముందు రోజు దిగువ ఊళ్ళో నైట్ హాల్టు చేసి, తెల్లవారి బయల్దేరి, ఐదూ యాభైకి రేవుపాలెం వచ్చే బస్సు. తరవాతిది తొమ్మిదింబావుకి. ఐదూ యాభై బస్సుంటే సుబ్బరత్నానికి ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ ఐదూ యాభై కాగితం మీద సంగతి. బస్సు ఐదున్నరకీ రావచ్చు, ఆరూ ఇరవైకీ రావచ్చు. చేనేత ఇంట్లో అరగంట గట్టు మీద ఊరికే నిలబడటమంటే నాలుగు నూలు కండెలు చుట్టకుండా పోయినట్టు. అందుకని ఎవరూ ముందుగా వెళ్ళరు. పూర్వం సుబ్బరత్నం అత్తగారు దూరాన హారన్ వినపడగానే వీధిలోకొచ్చి కేకేసేది. అత్తగారి తరవాత కేక సుబ్బరత్నానికి వచ్చింది. నాలుగు కిలోమీటర్ల అవతల కాలువ లాకుల దగ్గర టీ బడ్డీ రాంబాబు, బస్సు దాటగానే ఆమె ఫోనుకి మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఆమె రాట్నం వదిలి వీధి మొదట్లో నిలబడి "లాకులు దాటిందే" అని ఒక్క కేక వేసేది. గట్టు దిగువన శౌరమ్మ దాన్ని అందుకుని తన పేటలో మళ్ళీ వేసేది. శౌరమ్మ బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డులు తుడుస్తుంది. కేక విన్నాక చీర సర్దుకుని, డబ్బా సంచిలో పడేసుకుని గట్టెక్కేసరికి బస్సు వచ్చేది. ఇరవై రెండు మంది ఎక్కేవాళ్ళు. ఇది ఏ కాగితంలోనూ లేని ఏర్పాటు.

రెండేళ్ళ కిందట ఒక రోజు ఆ బస్సులో, చేతిలో నోటు పుస్తకం, మెళ్ళో కంపెనీ ట్యాగుతో ఒక అమ్మాయి ఎక్కింది. పేరు సింధూరి. సొంతూరు మైలవరం. నాలుగేళ్ళు మైలవరం నుంచి బస్సులో నిలబడి వచ్చి ఇంజనీరింగ్ చదివిన పిల్ల. ఆటోనగర్ దగ్గర మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో యాప్‌లు డిజైన్ చేసే ఉద్యోగం. బస్సు ఎక్కడుందో ప్రయాణికులకి చెప్పే యాప్ ఒకటి తయారు చెయ్యమని బస్సుల సంస్థ ఆ కంపెనీకి పని ఇచ్చింది. ముందు నాలుగు రూట్లలో పెట్టి చూస్తారు. దాని పేరు 'బస్సెక్కడ'. సింధూరి సుబ్బరత్నం పక్కన కూర్చుని, మేడం, మీరు యాప్ తెరవగానే మొదట ఏం కనపడాలనుకుంటారు అని అడిగింది.

"మేడం ఏందమ్మా, మా ఓనరు గారి భార్యని అంటాం అట్టా. పిన్నీ అను, చాలు" అంది సుబ్బరత్నం. "ఏం కనపడాలంటావా? బస్సు కనపడాల."

బస్సంతా నవ్వింది. సింధూరి కూడా నవ్వి, దాన్నే పుస్తకంలో రాసుకుంది.

ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను. చాలామంది ఏసీ గదిలో కూర్చుని కాలువ గట్టు మనుషుల కోసం తెర గీస్తారు. ఈ పిల్ల ఆరు వారాలు, వారానికి రెండుసార్లు, రేవుపాలెం వచ్చింది. ఫోను తెరల్ని కాగితాల మీద గీసుకొచ్చి సుబ్బరత్నం రాట్నం పక్కన పరిచేది. ఇదేంటో చెప్పు పిన్నీ, ఎక్కడ నొక్కుతావు అని అడిగేది. సుబ్బరత్నం కండె చుడుతూనే చెప్పేది.

మ్యాపులో రేవుపాలెం స్టాపు అని చూపించిన చోట ఎవరూ ఎక్కరని మొదటి రోజే తేలింది. అక్కడ ఎప్పుడో కట్టిన షెల్టరుంది. లైటు లేదు, లోపల సీసాలు. బస్సు ఆగేది గట్టు మీది పాత సొసైటీ గోడౌను దగ్గర. సింధూరి స్టాపు మార్చింది. 'పన్నెండు నిమిషాల్లో వస్తుంది' అన్న తెర చూసి సుబ్బరత్నం పెదవి విరిచింది. ఆ పన్నెండు నిమిషాలు దారిలో గేదెలు అడ్డమొస్తే ఇరవై అవుతాయి, మాకు నిమిషాలొద్దు, ఏ ఊరు దాటిందో చెప్పు, మిగతాది మేం చూసుకుంటాం అంది. సింధూరి నిమిషాలు తీసేసి ఊళ్ళ పేర్లు పెట్టింది. ముందుగా ఫోను నంబరు కొట్టమనే తెర ఒకటుండేది. ఎదురింటి నాగవేణి దాన్ని చూసి, నంబరిస్తే రేపట్నుంచి లోన్లు కావాలా అని ఫోన్లొస్తాయి, మా ఆయన నా మీద పడతాడు అంది. సింధూరి ఆఫీసులో పోట్లాడి ఆ తెర కూడా తీయించింది.

చివరికి సుబ్బరత్నం అసలు సంగతి చెప్పింది. కండె చుట్టేటప్పుడు ఒక చెయ్యి రాట్నం మీద, ఒక చెయ్యి నూలు మీద ఉంటాయి. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. తెర చూడటానికి కన్ను కూడా ఖాళీ లేదు. అందుకని ఫోనే మాట్లాడాలి. గట్టిగా మాట్లాడాలి.

సింధూరికి ఇది అన్నిటికంటే నచ్చింది. ఆమె పైన టీం లీడ్ చక్రి అనే ఆయన. ఇవన్నీ అక్కర్లేని హంగులని ఆయన అన్నా ఈమె వదల్లేదు. మొత్తానికి, "బస్సు లాకులు దాటింది" అని ఆడ గొంతు వీధిలోకి వినపడేట్టు పలికే యాప్ తయారైంది. ఆ గొంతు సింధూరిదే.

యాప్ సుబ్బరత్నం ఫోనులోకి ఎక్కించిన రోజు, మిగతా వాళ్ళ ఫోన్లు కూడా తెమ్మంది సింధూరి. సగం మందివి నొక్కే ఫోన్లు. పెద్ద ఫోన్లున్న వాళ్ళ డేటా మొగుళ్ళ రీచార్జి మీద ఉంటుంది, లేదా పిల్లల చదువుకి పోతుంది.

"అందరికీ ఎందుకమ్మా, దండగ. నా ఫోనులో ఉంటే ఊరందరి ఫోనులో ఉన్నట్టే. అది నాకు చెబుద్ది, నేను వీళ్ళకి చెబుతా" అంది సుబ్బరత్నం.

ఆ మాట కూడా సింధూరి రాసుకుంది. ఆఫీసులో చూపించే స్లైడులో 'ఒక ఫోను, ఊరంతా' అని పెద్ద అక్షరాలతో పెట్టి, పక్కన రాట్నం ముందు కూర్చున్న సుబ్బరత్నం ఫొటో వేసింది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారట. కొట్టిన వాళ్ళలో ఒక్కరికీ, ఈ ఊరిని రేపు ఎట్లా లెక్కపెడతాం అన్న ప్రశ్న రాలేదు. మనది ఇచ్చిపుచ్చుకునే ఊరు. నీళ్ళ బిందె, పెళ్ళికి బొట్టుపెట్టె, ఆధార్ జిరాక్సు, చివరికి బస్సు కబురు కూడా ఒకరి దగ్గరుంటే అందరి దగ్గరున్నట్టే. ఇట్లాంటి ఊరికి, మనిషికో ఫోను ఉండి ఎవరి ఫోను వాళ్ళు చూసుకునే చోట తయారైన కొలబద్ద తెచ్చి పెట్టారు.

మూడు నెలలు బాగా నడిచింది. రాంబాబు మిస్డ్ కాల్ మానేశాడు. ఫోను పలికేది, సుబ్బరత్నం కేకేసేది, శౌరమ్మ అందుకునేది. ఆ మూడు నెలల్లో ఒక్క రోజు కూడా ఎవరికీ బస్సు తప్పలేదు. యాప్ ఎందుకోసం తయారైందో అది చేసింది. దాని చరిత్రలో మంచి ఇంతే.

నాలుగో నెల మొదటి వారంలో బస్సు అద్దానికి కాగితం అంటించారు. రద్దీ లేని ట్రిప్పుల సర్దుబాటులో భాగంగా ఒకటో తేదీ నుంచి ఈ సర్వీసు రద్దు. సుబ్బరత్నం రెండుసార్లు చదివించుకుని, నిలబడటానికి చోటు లేని బస్సులో రద్దీ లేదంటే ఏంటని డ్రైవర్ని అడిగింది. ఆ ట్రిప్పుకి కండక్టరు లేడు, డ్రైవరే టికెట్లు కొడతాడు. అప్పటికింకా ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం రాలేదు. రేవుపాలెం వాళ్ళందరివీ నెల పాసులు. పాసు చూపిస్తే డ్రైవరు తలాడిస్తాడు, మెషీను నొక్కడు. కాబట్టి మెషీనులోనూ వీళ్ళు లేరు. నాకేం తెలుసమ్మా, నేను స్టీరింగు తిప్పేవాణ్ణి అన్నాడాయన.

అసలు సంగతి చెప్పడానికి సింధూరి వచ్చింది. ఫోనులో చెప్పడానికి మనసొప్పలేదట. ఏ స్టాపులో ఎన్ని ఫోన్లు యాప్ తెరుస్తున్నాయో పట్టిక ఒకటి తయారవుతుంది. అది ఆమె గీసిన తెరల్లో లేదు, వేరే వాళ్ళు చేశారు. బస్సుల సంస్థకి వెళ్ళింది ఆ పట్టికే. అందులో రేవుపాలెం, పొద్దుటి ట్రిప్పు, రోజుకి ఒకటి. మూడు నెలలూ అదే ఒకటి.

"తప్పు నాదే పిన్నీ. అందరి ఫోన్లలో వెయ్యాల్సింది. నువ్వొద్దన్నా వెయ్యాల్సింది" అంది సింధూరి.

"నీ ఒక్కదానిదే అయితే బాగుండేదమ్మా. నిన్ను నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని" అంది సుబ్బరత్నం.

వద్దన్నది తానేనని ఆమెకి గుర్తుంది. మంచి చేస్తున్నాననుకుని అన్న మాట అది. ఫోను గట్టిగా పలకాలని అడగకపోతే ఇంటికొకరు యాప్ వేసుకునేవాళ్ళేమో. నంబరు కొట్టే తెర తీయించకపోతే ఎవరైనా ఫోను చేసి అడిగేవాళ్ళేమో. ఊరికి పనికొచ్చేట్టు దిద్దిన ప్రతి దిద్దుబాటూ ఊరిని పట్టికలో చిన్నది చేస్తూ పోయింది.

ఆ ఆదివారం సింధూరి ఊళ్ళోనే ఉండి పెద్ద ఫోనున్న ప్రతి ఇంటికీ వెళ్ళి యాప్ ఎక్కించింది. నాగవేణి తన మొగుడి ఫోను కూడా తెచ్చింది. పదకొండు ఫోన్లయ్యాయి. సోమవారం నుంచి పదకొండూ ఐదుంపావుకల్లా తెరిచి పెట్టుకున్నారు. వీధి పొడుగునా పదకొండు చోట్ల సింధూరి గొంతు ఒకేసారి లాకులు దాటిందని చెబుతుంటే ముసలాళ్ళు విసుక్కున్నారు. వారం తిరిగేసరికి పట్టికలో రేవుపాలెం మళ్ళీ ఒకటికి వచ్చింది. ఒకే చోట, ఒకే వారంలో, ఒకే వేళకి ఇన్ని కొత్త ఫోన్లు కనపడితే దొంగ లెక్కగా భావించి వాటిని పక్కన పెట్టేట్టు యాప్‌ని తయారు చేశారు. ఎవరో డబ్బులిచ్చి అంకెలు పెంచుకుంటారని ముందుజాగ్రత్త. సింధూరి వెళ్ళి చక్రిని అడిగింది. ఆ రూలు తీస్తే రేపు అన్ని ఊళ్ళూ ఇదే పని చేస్తాయన్నాడు. మనకిచ్చింది యాప్ చెయ్యమని, బస్సు నడపమని కాదు అని కూడా అన్నాడు.

తారీఖు ఇంకా ఐదు రోజులుందనగా సుబ్బరత్నం, శౌరమ్మ, నాగవేణి ఒక పూట పని మానుకుని బస్సుల ఆఫీసుకి వెళ్ళారు. మిగతా వాళ్ళకి సెలవు దొరకలేదు. అధికారి మర్యాదస్థుడే. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. కంప్యూటరు తెర వీళ్ళ వైపు తిప్పి చూపించాడు.

"చూడండమ్మా. మీ ఊరి నుంచి బస్సు కోసం చూసేది ఒక్కరే."

"ఆ ఒక్కటీ నా ఫోనేనండి" అంది సుబ్బరత్నం. "అది చెప్పంగానే నేను కేకేస్తానండి. ఇరవై రెండు మందిమి ఎక్కుతామండి."

"కేకలు సిస్టంలో పడవు గదమ్మా."

"మనుషులం పడతామా అండీ?" అంది శౌరమ్మ. "కావాలంటే రేపు పొద్దున ఒకసారి వచ్చి గట్టు మీద నిలబడండి. టీ మేం పోయిస్తాం. లెక్కెట్టుకుని పోదురుగాని."

అధికారి నొచ్చుకోలేదు. రాసి ఇవ్వండి, పైకి పంపుతాను అన్నాడు. నాగవేణి రాసింది, ముగ్గురూ సంతకాలు పెట్టారు. తరవాత నెలలో సుబ్బరత్నం ఫోనుకి మెసేజి వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది. కొత్త సర్వీసు కావలసిన వారు యాప్‌లో అభ్యర్థన నమోదు చేయగలరు.

ముప్పై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ఒక మనిషిని పంపి, ఒక్క పొద్దున తలలు లెక్కపెట్టించడం ఎంత పని? పెట్రోలు పెట్టి రావడానికి ఓపిక లేని చోట, అంకెలు వాటంతటవే నడిచి రావాలని కోరుకుంటారు. నడిచి రాలేని వాళ్ళు లేనట్టే.

ఒకటో తేదీ నుంచి బస్సు రాలేదు. ఆటో ఖర్చు భరించగల పదిమంది కలిసి ఆటో ఒకటి మాట్లాడుకున్నారు. అది హైవే దాకానే, అది కూడా పదిమంది నిండితేనే. నెల తిరిగేసరికి ఇద్దరు మానుకున్నారు, నిండటం తగ్గింది, ఆటో అతను ఇంకో ఊరు చూసుకున్నాడు. నర్సింగు చదివే పిల్ల ఒకతె హాస్టల్లో చేరింది. నాగవేణి బెజవాడ గుళ్ళో ప్రసాదాల పొట్లాలు కట్టే పని వదిలేసి ఊళ్ళో కూలికి పోతోంది. మిగతా వాళ్ళూ ఒకరి తరవాత ఒకరు పనులు మానుకున్నారు. ఆగస్టులో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితమైంది. మంచి పని. ఎప్పుడో జరగాల్సిన పని. రేవుపాలెం ఆడవాళ్ళు ఆ ఉచిత బస్సు ఎక్కాలంటే, నాలుగున్నరకి లేచి చీకట్లో కుక్కల మధ్య నాలుగు కిలోమీటర్లు నడిచి హైవే చేరుకోవాలి.

సుబ్బరత్నం నడిచింది. శౌరమ్మతో పాటు, సెల్ టార్చి వేసుకుని, వర్షాకాలమంతా నడిచింది. హైవే మీద బస్సులు నిండుగా వచ్చి ఆగకుండా పోయేవి. ఆగిన రోజు టైముకి చేరేది, ఆగని రోజు ఎనిమిది దాటేది. కార్తీకంలో కుడి మోకాలు వాచింది. సత్యం తన మోకాళ్ళకి రాసుకునే నూనె ఆమెకి ఇచ్చి, ఇంట్లో రెండు జతలు పోయాయన్నాడు. ఆ నెలలో ఆమెకి ఆరు ఆలస్యాలయ్యాయి. ఓనరు పిలిచి కేకలేం వెయ్యలేదు. వయసైంది గదా, అంత దూరం నుంచి ఇబ్బంది పడుతూ రావద్దులే అమ్మా అన్నాడు. కౌంటరు దగ్గర ఆమె చోటులో ఆ మధ్యాహ్నమే ఇంకొకామెని నిలబెట్టారు.

సింధూరి ఒకసారి ఫోను చేసింది. యాప్ ఇంకో రెండు జిల్లాలకి పోతోందట. గట్టిగా పలికే ఏర్పాటు అందరికీ నచ్చిందట, దాన్ని తీసెయ్యమని తానే అడిగిందట, వినలేదట. ఉద్యోగం మానేద్దామని ఉంది పిన్నీ అంది. మానమాకు, నువ్వు మానితే ఇంకోళ్ళొచ్చి చేస్తారు, నీకు జీతం పోవడం తప్ప ఏముంది అని సుబ్బరత్నం చెప్పింది.

షాపు వాళ్ళు రెండు యూనిఫాం చీరలు తిరిగి ఇమ్మన్నారు. పాలిస్టరువి, షాపు పేరు కొంగు మీద అచ్చేసినవి. సుబ్బరత్నం వాటిని ఉతికి, తనకి చేతనైనంత బాగా మడత పెట్టి, తెల్లారకముందే గట్టు మీదికి తీసుకెళ్ళి శౌరమ్మ చేతికిచ్చింది. శౌరమ్మ సంచిలో పెట్టుకుని, ఆసుపత్రి వాళ్ళనడిగి ఏదన్నా కూర్చునే పని చూస్తానంది.

"కూర్చునే పనైనా అక్కడికి నడిచే పోవాల గదే" అంది సుబ్బరత్నం. "పో, నీకు టైమైపోతోంది. రేపట్నుంచి నా కోసం ఆగమాకు."

శౌరమ్మ టార్చి వేసుకుని హైవే వైపు నడిచింది. ఆ రోజు రేవుపాలెం నుంచి బయల్దేరింది ఆమె ఒక్కతే.